స్కూలు బస్సు దగ్గర ఎవరు నిలబడతారు?

కొన్ని నెలల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక మేము పదకొండు మందిమి కలిసి నిజాంపేటలోని ఒక అపార్ట్‌మెంట్‌కు వెళ్లాం. మూడో అంతస్తులో మన సంఘ కుటుంబం ఒకటి ఉంటుంది. ఆ ఇంటి సహోదరికి రొమ్ము క్యాన్సర్. రెండో కీమో అయి అప్పటికి తొమ్మిది రోజులు. పాటలు పాడాం, వాక్యం చదివాం, ఒక్కొక్కరుగా ప్రార్థన చేశాం. నలభై నిమిషాలు పట్టింది. ఆమె భర్త సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మధ్యలో లేచి వంటగదిలోకి వెళ్లి పదకొండు కప్పుల టీ పెట్టి తెచ్చాడు. మమ్మల్ని సాగనంపడానికి లిఫ్టు దాకా వచ్చాడు. మిగతావాళ్లు దిగిపోయాక ఒక్క మాట అడిగాడు.

"అయ్యగారూ, ఈ శుక్రవారం కాదు, పై శుక్రవారం మళ్లీ కీమో ఉంది. మేం ఇంటికి వచ్చేసరికి రాత్రవుతుంది. పాప స్కూలు బస్సు మూడున్నరకి గేటు దగ్గర ఆగుతుంది. మన సంఘంలో ఎవరైనా దింపుకుని రెండు మూడు గంటలు చూసుకోగలరా?"

మా దగ్గర జవాబు లేదు. "అడిగి చెబుతాం తమ్ముడూ" అని వచ్చేశాం. ఆ వారం పెళ్లిళ్లు, ఒక భూస్థాపన, పత్రిక పని. అడగడం మరచిపోయాం. ఆ శుక్రవారం పాపను దింపుకున్నది ఆ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య అని తర్వాత తెలిసింది. ఆమె మన సంఘస్థురాలు కాదు, మన విశ్వాసి కూడా కాదు.

ఆ కుటుంబం అనుమతితోనే, వాళ్లను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి ఈ సంగతి రాస్తున్నాం. ఎవరినో తప్పుపట్టడానికి కాదు. నలభై నిమిషాలు ప్రార్థించిన మేము ఆ శుక్రవారంలోగా ఒక ఫోను చేయలేకపోయాం. ఇది మా ఒప్పుకోలు. ఒక్క సంఘం మరుపు అని సరిపెట్టుకోవడానికి కూడా వీల్లేదు. క్యాన్సర్ వైద్యం ఇవాళ నడుస్తున్న తీరు చూస్తే, ఇలాంటి ప్రశ్న మన సంఘాలన్నిటినీ అడగబోతున్నారు.

వార్డు ఇంటికి వచ్చింది

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 14 లక్షల మందికి కొత్తగా క్యాన్సర్ సోకింది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో వెలువరించిన జాతీయ రిజిస్ట్రీ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలోకెల్లా ఎక్కువగా కనిపించింది మన హైదరాబాద్ జిల్లాలోనే. వయసుల తేడాను సవరించి చూస్తే ఏడాదికి లక్ష మంది స్త్రీలకు 48 మంది. కాబట్టి ఇది ఎక్కడో ఉన్నవాళ్ల సంగతి కాదు. ఆదివారం మన పక్క కుర్చీలో కూర్చున్నవారి సంగతి.

పాతికేళ్ల క్రితం క్యాన్సర్ అంటే ఆసుపత్రి మంచం గుర్తొచ్చేది. ఇప్పుడు కీమో ఎక్కువగా డే కేర్ పద్ధతిలో జరుగుతోంది. పొద్దున చేరితే సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లోనూ డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామని, ఆ ఏడాదే 200 కేంద్రాలు తెరుస్తామని చెప్పారు. దీన్ని మేము మనసారా స్వాగతిస్తున్నాం. ఆదిలాబాద్ నుంచో పాలమూరు నుంచో రాత్రి బస్సెక్కి వచ్చి ఆసుపత్రి ఆవరణలో పడుకునే కుటుంబానికి సొంత జిల్లాలోనే మందు ఎక్కితే అది నిజంగా మేలు.

అయితే డే కేర్‌లో ఇంకో సంగతి ఉంది. మందు ఎక్కించే ఆరేడు గంటలు ఆసుపత్రివి. మిగతా ఇరవై రోజులు ఇంటివి. వాంతులు, నోటిపూత, జ్వరం, భయం అన్నీ ఇంట్లోనే. ఒకప్పుడు నర్సు చేసిన పని ఇప్పుడు భర్తో భార్యో చేస్తున్నారు. ఎవరూ వాళ్లకు శిక్షణ ఇవ్వలేదు. వాళ్ల గంటలు ఏ బడ్జెట్‌లోనూ లెక్కకు రావు.

ఇరవై ఒక్క రోజుల ఇల్లు

బయటి నుంచి చూసేవారికి తెలియదు కనుక ఆ ఇల్లు ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. చాలా కీమోలు ఇరవై ఒక్క రోజులకు ఒకసారి వస్తాయి. కీమోకు ఒకట్రెండు రోజుల ముందు సీబీపీ రక్తపరీక్ష. కౌంట్ సరిగా లేకపోతే కీమో వాయిదా. దాంతో ఆఫీసులో పెట్టుకున్న సెలవు, ఊరి నుంచి రావలసిన అత్తగారి రైలు టికెట్టు, అన్నీ తారుమారు. కొందరికి కీమో మర్నాడు కౌంట్ పెంచే ఇంజెక్షన్ వేయాలి. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టాలి, కరెంటు పోతే గుండె దడ. మొదటి మూడు నాలుగు రోజులు తాళింపు వాసన వస్తే చాలు, వాంతి. అందుకని తలుపులు మూసి వండాలి, లేకపోతే కింది అంతస్తులో ఎవరింట్లోనైనా వండించుకోవాలి. ఆమెకు జావ, పెరుగన్నం. పిల్లలకు వేరే కూర.

ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా పడిపోయే కాలం. అప్పుడు జ్వరం 100.4 దాటితే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి పరుగెత్తాలి. పొద్దున దాకా ఆగకూడదు. అందుకే ఆ వారంలో భర్త నిద్ర నిద్ర కాదు. రాత్రి రెండుకీ మూడుకీ లేచి ఆమె నుదురు ముట్టి చూస్తాడు. మేము పదకొండు మందిమి వెళ్లింది సరిగ్గా ఆ తొమ్మిదో రోజున. మాలో ఒకరికి జలుబు కూడా ఉంది. ఆ తర్వాత మన సంఘంలోనే ఉన్న డాక్టరుగారు చెప్పేదాకా మాకు ఆ ఆలోచనే రాలేదు.

కీమో ముగిస్తే చాలామందికి రేడియేషన్ ఉంటుంది. వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలపాటు. ఒక్కో రోజు మందు పెట్టే సమయం కొన్ని నిమిషాలే. ప్రయాణమే అసలు పని. నిజాంపేట నుంచి రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రికి వెళ్లాలంటే జేఎన్‌టీయూ దాకా ఆటో, అక్కడి నుంచి లక్డీకాపూల్ దాకా మెట్రో, దిగాక మళ్లీ ఆటో. 1955 నుంచి పేదలకు పెద్దదిక్కుగా ఉన్న ఆసుపత్రి అది. అక్కడ వైద్యం దొరుకుతుంది కాని, నీరసంతో నిలబడలేని మనిషిని రోజూ పొదివి పట్టుకుని తీసుకెళ్లే చేయి ఇంటి నుంచే రావాలి.

ఉద్యోగం, బీమా, సెలవు

నిజాంపేట, బాచుపల్లి, ప్రగతినగర్ ఇళ్లలో చాలావరకు హైటెక్ సిటీ జీతాల మీద నడుస్తాయి. బయటికి స్థిరంగా కనిపిస్తాయి. లోపల అవి ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇటుకలు. ఫ్లాటు కిస్తీ జీతం మీద, వైద్య బీమా కూడా ఆ జీతం మీదే. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమా ఉద్యోగం ఉన్నంతవరకే. అందువల్ల భార్య కీమో కుర్చీలో ఉంటే భర్త పక్కన కూర్చుని లాప్‌టాప్ తెరుస్తాడు. చూసినవాళ్లు "ఇక్కడ కూడా ఆఫీసేనా?" అంటారు. ఆ లాప్‌టాప్ మూస్తే ఆమెకు ఎక్కుతున్న మందుకు డబ్బు కట్టేవారుండరని అతనికి తెలుసు.

ప్రభుత్వాలు కొంత చేశాయి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో ఇళ్లను అప్పుల నుంచి కాపాడింది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని కుటుంబానికి పది లక్షలకు పెంచారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ తీసేశారు, చాలా మందుల మీద తగ్గించారు. అయితే నెలజీతం మీద బతికే మధ్యతరగతి ఇంటికి చాలాసార్లు రేషన్ కార్డు ఉండదు. ఉద్యోగం పోతే కంపెనీ బీమా పోతుంది, మరో ఆసరా వెంటనే దొరకదు.

ఇంకొక సంగతి కూడా మన యువత గమనించాలి. అమెరికాలో 1993 నుంచి ఒక చట్టం ఉంది. యాభై మంది, అంతకుమించి ఉద్యోగులున్న కంపెనీల్లో అర్హులైనవారు జబ్బుపడిన భార్యనో భర్తనో చూసుకోవడానికి ఏడాదిలో పన్నెండు వారాలు సెలవు పెట్టవచ్చు. జీతం రాదు, ఉద్యోగం మాత్రం పోదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి ఏడాదికి ఒక వారం ఇలాంటి సెలవు హక్కుగా వచ్చింది. మన దేశంలో ప్రైవేటు ఉద్యోగికి అలాంటి చట్టబద్ధమైన హక్కు లేదు. ఒకే కంపెనీలో ఒకే ప్రాజెక్టు మీద పనిచేసే ఇద్దరిలో డాలస్‌లో ఉన్నవాడికి చట్టం అండ ఉంది. గచ్చిబౌలిలో ఉన్నవాడికి మేనేజరు దయ ఉంటేనే ఉంది. మన సంఘాల్లో మేనేజర్లున్నారు, హెచ్ఆర్‌లో పనిచేసేవారున్నారు. సహోదరులారా, సహోదరీలారా, ఈ మాట మీ ఆఫీసులో ఎత్తగలవారు మీరే. ఒక మనిషికి వారంలో రెండు రోజులు ఇంటినుంచి పని ఇవ్వడం, కీమో వారంలో రాత్రి షిఫ్టు తప్పించడం కూడా దేవుని పరిచర్యే.

భర్తలతో ఒక మాట, భార్యల గురించి ఒక మాట

2009లో అమెరికాలో 515 మంది రోగులను పరిశీలించిన ఒక అధ్యయనం వెలువడింది. తీవ్రమైన జబ్బు భార్యకు వచ్చినప్పుడు విడిపోయిన జంటలు 20.8 శాతం. భర్తకు వచ్చినప్పుడు 2.9 శాతం. మన దగ్గర విడాకుల దాకా పోకపోవచ్చు. "కొన్నాళ్లు పుట్టింట్లో ఉంటే మంచిది" అన్న మాట రూపంలో అదే జరుగుతుంది. కొన్ని ఇళ్లలో ఆ కొన్నాళ్లు ఎప్పటికీ ముగియవు. మంచం మీద ఉన్నా, ఆరోగ్యంగా ఉన్నా విడిచిపెట్టనని బలిపీఠం ముందు ప్రమాణం చేయించింది మన పాస్టర్లమే. ఆ ప్రమాణం నిలబెట్టుకోవడం ఎలాగో నేర్పించామా? అన్నం వండటం, బట్టలు ఆరవేయడం, పిల్ల జడ వేయడం తెలియని పెళ్లికొడుకులకే చేతులు కలిపించాం. నిజాంపేటలోని ఆ తమ్ముడు యూట్యూబ్ చూసి జడ వేయడం నేర్చుకున్నాడు. మేము చెప్పిన ప్రసంగాలకంటే అది ఎఫెసీ పత్రికకు మంచి వ్యాఖ్యానం.

భర్త జబ్బుపడినప్పుడు సేవచేసే భార్యకు ఇంకో కష్టం ఉంది. ఆమె చేసేది సేవ అని ఎవరూ అనుకోరు. "భార్య కదా, చేస్తుంది" అంటారు. ఆమెకు సెలవు లేదు, మెచ్చుకోలు లేదు. తన సొంత బీపీ మాత్ర అయిపోయి వారమైనా కొనుక్కోదు. అలాంటి ఇంటికి వెళ్లినప్పుడు రోగి ఫైలు గురించి అడిగినట్టే ఆమె మాత్ర గురించి కూడా అడగండి.

యోబు భార్యను మళ్లీ చదువుదాం

యోబు భార్య పేరు మనకు తెలియదు. ఆమె అన్న ఒక్క చేదు మాట మాత్రం అందరికీ తెలుసు (యోబు 2:9). దాని మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం, మేమూ చేశాం. ఆ మాటకు ముందు అధ్యాయంలో ఏం జరిగిందో మరచిపోతాం. ఒకే రోజున పదిమంది బిడ్డలను పోగొట్టుకున్న తల్లి ఆమె. ఇప్పుడు బూడిదలో కూర్చుని చిల్లపెంకుతో ఒళ్లు గోక్కుంటున్న మనిషి ఆమె భర్త. పాత నిబంధనకు క్రీస్తు పూర్వమే జరిగిన గ్రీకు అనువాదంలో ఆ చోట ఆమె మాట ఇంకా పొడవుగా ఉంది. కూలిదానిలా ఇల్లిల్లూ తిరుగుతున్నానని, పొద్దు ఎప్పుడు గుంకుతుందా, ఈ బాధనుంచి కాస్త ఎప్పుడు తీరుతుందా అని చూస్తున్నానని ఆమె అంటుంది. హెబ్రీ మూలంలో ఆ భాగం లేదు. కాని దాన్ని చేర్చినవారు సేవచేసే భార్య అలసటను ఎరిగినవారు.

ఇంకొకటి గమనించండి. గ్రంథం చివర దేవుని కోపం రగిలింది ముగ్గురు స్నేహితుల మీద (42:7). యోబు భార్య మీద ఒక్క మాట కూడా లేదు. ఆ స్నేహితులు చేసిన మేలంతా మొదటి ఏడు రోజుల్లోనే, నోరు విప్పక నేలమీద కూర్చున్నప్పుడే జరిగింది. నోరు విప్పాక కారణాలు వెతికారు.

మనం కూడా వెతుకుతాం. "ఇంట్లో ఏదో పాపం ఉందేమో", "విశ్వాసం ఉంటే మందులెందుకు", "ఫలానా కూటానికి తీసుకెళ్లండి, కీమో ఆపేయండి." ఈ చివరి మాట ప్రాణాలు తీస్తుంది. దేవుడు స్వస్థపరుస్తాడని మేము నమ్ముతాం, ప్రతి ఆదివారం అందుకే ప్రార్థిస్తాం. వైద్యుని చేతి ద్వారా కూడా ఆయనే స్వస్థపరుస్తాడని అంతే గట్టిగా నమ్ముతాం. మాయా చికిత్సలతో క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని ఈ దేశ చట్టం 1954లోనే నిషేధించింది. లోకపు చట్టానికి ఉన్న జాగ్రత్త మన వేదికలకు లేకపోతే ఎలా? మందులు ఆపమని చెప్పేవారెవరైనా సరే, ఆ మాట దేవుని నుంచి వచ్చిందని ఒప్పుకోకండి.

వారానికి రెండు గంటలు

మన పక్కనే ఒక మాదిరి ఉంది. కేరళలోని కోజికోడ్‌లో 1993లో కొందరు వైద్యులు, స్నేహితులు కలిసి నొప్పి నివారణ, ఉపశమన సేవల సంఘం ఒకటి పెట్టారు. తర్వాత మలబారు ప్రాంతంలో అది ఇరుగుపొరుగు సేవగా పాకింది. అక్కడ వాలంటీర్లను అడిగింది చాలా చిన్నది: వారానికి కనీసం రెండు గంటలు. గృహిణులు, విద్యార్థులు, ఆటో నడిపేవారు, టీచర్లు చేరారు. కొంత శిక్షణ తీసుకుని తమ వీధిలోని రోగి ఇంటికి వెళ్లారు. 2008లో కేరళ ప్రభుత్వం దీన్ని రాష్ట్ర విధానంగానే ప్రకటించింది. మన నగరంలోనూ ఎంఎన్‌జే ఆసుపత్రిలో ఉపశమన వైద్య విభాగం ఉంది. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. ఉపశమన వైద్యం చివరి రోజులకే అనుకోవద్దు. రోగ నిర్ధారణ జరిగిన నాటి నుంచి అవసరమని, రోగితోపాటు కుటుంబం కోసం కూడా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

వారానికి రెండు గంటలు. మన సంఘాల్లో అంతకంటే ఎక్కువసేపు మైకు సరిచేసుకుంటాం. ఆ శుక్రవారం తర్వాత మా సంఘం చేసిన నాలుగు పనులు ఇవి. ఇవి గొప్పవని చెప్పడం లేదు, ఆలస్యంగా చేశామని చెబుతున్నాం.

మొదటిది, ఆ ఇంటి ఇరవై ఒక్క రోజుల లెక్కను ఒక సహోదరి కాగితం మీద రాసుకుంది. కీమో రోజు ఎవరు పాపను దింపుకోవాలి, మొదటి నాలుగు రోజులు ఎవరు వండి పంపాలి, ఏ వారం ఎవరూ వెళ్లకూడదు అన్నీ అందులో ఉన్నాయి. ఆమె ఒక్కతే ఆ ఇంటితో మాట్లాడుతుంది. యాభై మంది ఫోను చేసి "ఎలా ఉంది?" అని అడిగితే ఆ భర్త యాభైసార్లు అదే జవాబు చెప్పాలి.

రెండోది, "ఏదైనా కావాలంటే అడగండి" అనడం మానుకున్నాం. అలసిన మనిషి అడగలేడు. "బుధవారం పొద్దున సీబీపీకి నేను కారులో తీసుకెళ్తాను" అని చెబితే అతడు "సరే" అంటే చాలు.

మూడోది, పరామర్శ పద్ధతి మార్చాం. ఇద్దరికి మించి వెళ్లం. కౌంట్ పడిపోయే వారంలో తలుపు దగ్గర డబ్బా పెట్టి, ఫోనులో రెండు నిమిషాలు ప్రార్థించి వస్తాం. టీ తాగం.

నాలుగోది, నెలకు రెండుసార్లు శనివారం సాయంత్రం మా ఇంటి అమ్మగారో మరొక సహోదరో ఆమె దగ్గర కూర్చుంటారు. ఆ రెండు గంటలు భర్త బయటికి వెళ్తాడు. మొదటిసారి ఎక్కడికి వెళ్లావు తమ్ముడూ అని అడిగాం. "ఎక్కడికీ లేదయ్యగారూ. కింద కారులో కూర్చుని నిద్రపోయాను" అన్నాడు.

అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే చేతులు బరువెక్కాయి (నిర్గమ 17:12). అహరోను, హూరు మొదట చేసింది అతని చేతులు పట్టుకోవడం కాదు. ఒక రాయి తెచ్చి వేసి అతన్ని కూర్చోబెట్టారు. ఆ తర్వాతే చెరో పక్కన చేరి చేతులు ఎత్తిపట్టారు, సూర్యుడు అస్తమించేదాకా. ముందు కూర్చోబెట్టాలని వాళ్లకు తోచింది. మనకు తోచలేదు.

ఈ పత్రిక చదువుతున్న సంఘ పెద్దలకు ఒక మనవి. వచ్చే ఆదివారం ప్రార్థన పట్టికలో రోగి పేరు చదివేటప్పుడు ఆ ఇంట్లో రాత్రి మేలుకునేవారి పేరు కూడా చదవండి. ఆరాధన అయ్యాక వెళ్లిపోకముందే, ఆ ఇంటికి ఈ వారం ఏ రోజు ఏ గంటకు ఎవరు వెళ్తారో రాసుకోండి. స్త్రీల సమాజం, యౌవనస్థుల కూటం ఇద్దరేసి పేర్లు ఇస్తే చాలు.

ఇప్పుడు మీలో ఎవరైనా భార్య పక్కనో భర్త పక్కనో కూర్చుని, ఒక చేత్తో ఫైలు పట్టుకుని ఫోనులో ఇది చదువుతుంటే, మీకొక మాట. మీరు అలసిపోవడం అవిశ్వాసం కాదు. విసుక్కున్న రోజున కూడా మీ సేవ దేవునికి కనబడుతూనే ఉంది. మీ సంఘం అడగకపోతే మీరే అడగండి. ఆ తమ్ముడు లిఫ్టు దగ్గర అడిగినట్టు, రోజు, గంట చెప్పి మరీ అడగండి. మేము జవాబివ్వలేకపోతే సిగ్గుపడవలసినది మేమే, మీరు కాదు.

ఆ సహోదరికి కీమోలు ముగిశాయి, ఇప్పుడు రేడియేషన్ జరుగుతోంది. ఆమె కోసం, ఆయన కోసం, పాప కోసం ప్రార్థించండి. వాచ్‌మన్ కుటుంబం కోసం కూడా. సమస్త ఆదరణకు మూలమైన దేవుడు మీ ఇళ్లను కాపాడును గాక.